మీటరుకు పట్టని ప్లగ్గు

ఆ అపార్టుమెంటులో ఆయన్ని ఎదురుగా అందరూ సార్ అంటారు. ఆయన మెట్లు ఎక్కి మలుపు తిరగ్గానే సున్నా మావయ్య అంటారు. ఆ పేరు ఆయన చెవిన పడలేదని వాళ్ళ నమ్మకం. ఆయనకి తెలుసు, పైగా లోలోపల ఇష్టం కూడా.

తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేరిన రోజు నుంచి రిటైరైన రోజు వరకు, ఏ కొట్టు ముందు నిలబడ్డా ఆయన మొదట అనే మాట ఒకటే. "ముందు సున్నా చూపించు." పళ్ళెంలో ఏమీ లేనప్పుడు కాటా సున్నా చూపించకపోతే, ఆ తర్వాత అది ఏం చూపించినా ఆయన నమ్మడు. ఉల్లిపాయల కొట్టుకీ అదే మాట, బంగారం కొట్టుకీ అదే మాట. మాట మంచిదే. చిక్కల్లా అది ఆఫీసుతో ఆగకపోవడం. ఆస్పత్రిలో నర్సు బరువు చూస్తాను ఎక్కండి అంటే ఆయన ఎక్కడు. వంగి, కళ్ళజోడు ముక్కు మీదికి దించి, ముల్లు ఎక్కడుందో చూసి, తృప్తి పడితేనే ఎక్కుతాడు. వెనకాల రోగులు మూలుగుతూ నిలబడి ఉంటారు.

నిజాయితీపరుడు, ఆ మాట కూడా చెప్పుకోవాలి. ఏ కొట్టువాడి దగ్గరా ఒక అరటిపండు కూడా ఉత్తినే తీసుకోలేదు. తీసుకోలేదని ఇంట్లో భోజనం దగ్గర రోజూ చెప్పేవాడు. ఆవిడ, అంటే ఆయన భార్య, పెళ్ళయిన నాటి నుంచీ ఆ మాట వింటూ వడ్డిస్తూ ఉంది.

రిటైరైన రోజున తోటి ఉద్యోగులు ఆయనకి ఒక సీలు పటకారు బహుమతిగా ఇచ్చారు. కాటాలకి తీగ చుట్టి, దాని కొసన సీసపు బిళ్ళ పెట్టి నొక్కే పటకారు అది. సర్కారు ముద్ర అరగదీసి, సరదాకి ఆ చోట సున్నా చెక్కించారు. నొక్కితే బిళ్ళ మీద సున్నా పడుతుంది. వాళ్ళు సరదాకి ఇచ్చారు గాని ఆయనకి సరదాలు అంతగా అర్థం కావు. ఇంటికి తెచ్చి వంటింటి గుమ్మం పక్క మేకుకి తగిలించుకున్నాడు, ఎప్పుడు ఏ అవసరం వస్తుందోనని.

అవసరం కూతురి రూపంలో వచ్చింది. ఇంట్లో కూర్చుని నాన్న ఊరికే గోళ్ళు గిల్లుకుంటున్నాడని జాలిపడి, వేరే ఊళ్ళో ఉన్న ఆ పిల్ల పార్సిల్లో ఒక చిన్న మీటరు పంపింది. గోడలో ఉన్న ప్లగ్గుకీ సామానుకీ మధ్య దాన్ని పెడితే చాలు, ఆ సామాను ఎంత కరెంటు తింటోందో దాని మొహం మీద అంకెల్లో కనబడుతుంది. తల్లి నెత్తిన ఏం తెచ్చి పెట్టిందో పాపం ఆ పిల్లకి తెలియదు.

ఆయన మీటరుని ఖాళీగా గోడకి గుచ్చి చూశాడు. సున్నా చూపించింది. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఏమోయ్, ఇటు రా! చూడు, నేను అడక్కుండానే సున్నా చూపించింది."

"బాగుందండీ," అంది ఆవిడ, చేతిలో చిల్లుల గరిటెతో. "ఇంతకీ అదేం చేస్తుంది?"

"నిజం చెబుతుంది," అన్నాడు ఆయన.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ప్రతి సామానుకీ విచారణ మొదలైంది. మొదట దొరికింది టీవీ. కట్టేసి ఉంది, బుద్ధిగా కూర్చుని ఉంది, మూలన ఎర్ర చుక్క ఒకటి వెలుగుతోంది. మీటరు పెట్టి చూస్తే అంకె! "చూశావా, నిద్రపోతూ కూడా తింటోంది!" అని ఆయన కేకేశాడు. టీవీ ప్లగ్గు ఊడింది. ఫోను లేకుండా గోడకి వేలాడుతున్న ఛార్జరు ఊడింది. గుమ్మం గంట ఊడింది. అప్పట్నుంచి వచ్చినవాళ్ళు తలుపు బాదడం, ఇంట్లోవాళ్ళు ఉలిక్కిపడడం మామూలైంది. వంటింట్లో ఆవిడ పాటలు వినే చిన్న రేడియోని కూడా వదల్లేదు. అది తినేది చీమ తిండే, కానీ ఆయన దాన్ని పాటకింత అని భాగించి ఆవిడకి వినిపించాడు. రెండు రోజులు ఆవిడ పాట వింటున్నంతసేపూ దొంగతనం చేస్తున్నట్టు అనిపించి, తనే రేడియో తీసి అటక మీద పెట్టేసింది.

ఫ్రిజ్ దగ్గర ఆయన కొంచెం తడబడ్డాడు. రాత్రిళ్ళు మనం తినం కదా, దీనికి మాత్రం తిండెందుకని పడుకోబోయే ముందు కట్టేశాడు. తెల్లారేసరికి పాలు విరిగాయి. ప్లగ్గు పెట్టగానే అది రాత్రి మిగిల్చిందంతా వడ్డీతో సహా మింగింది. ఆయన మీటరు ముందు చతికిలబడి, "దీనికి పగ" అని తేల్చాడు. ఆ రాత్రి మళ్ళీ కట్టేసి పడుకున్నాడు. ఆయనకి గురక పట్టాక ఆవిడ లేచి వేసింది, ఆయన లేవకముందే తీసింది. పాలు విరగలేదు. తన పద్ధతికి ఫ్రిజ్ లొంగి వచ్చిందని ఆయన నాలుగిళ్ళవాళ్ళకి చెప్పుకున్నాడు.

ఇక మిగిలినవి పెద్ద నేరస్థులు. మిక్సీ, ఇస్త్రీ పెట్టె, బట్టల మిషను. వీటి అంకెలు చూసి ఆయన గుండె పట్టుకున్నాడు. వీటికి ప్లగ్గు పీకితే సరిపోదు, ఆడవాళ్ళు మళ్ళీ పెట్టేస్తారు. మేకు మీదున్న పటకారు కిందికి దిగింది. వైరు మడిచి, తీగ చుట్టి, సీసం బిళ్ళ పెట్టి నొక్కాడు. మిక్సీ మెడలో సున్నా. ఇస్త్రీ పెట్టె మెడలో సున్నా. బట్టల మిషను దగ్గరికి వచ్చేసరికి ఆవిడ అడ్డంగా నిలబడింది.

"ఏమండీ, దీని జోలికి మాత్రం వెళ్ళకండి. నా కుడి భుజం సంగతి మీకు తెలుసుగా. డాక్టరు తడిబట్ట పిండొద్దన్నాడు, మీరూ విన్నారు."

"విన్నానోయ్. కానీ నువ్వొకసారి ఈ అంకె చూడు."

"అంకె కాదండీ, నేను దుప్పట్లు చూస్తున్నాను."

"మూడు నెలలు. పోటీ అయ్యాక చూద్దాం."

పోటీ సంగతి చెప్పాలి. అపార్టుమెంటు సంఘానికి సెక్రటరీ అయిన ఫొటో స్టూడియో ఆయన ఏటా ఒక పొదుపు కప్పు పెడతాడు. మూడు నెలల బిల్లుల్లో ఎవరి యూనిట్లు తక్కువైతే కప్పు వాళ్ళది. కిందటేడు గెలిచినవాళ్ళు ఆ మూడు నెలల్లో సగం రోజులు ఊళ్ళో లేరు. ఆ అన్యాయం సున్నా మావయ్య మనసులో ముల్లులా ఉండిపోయింది. ఈ ఏడు కొలతలు తెలిసినవాడి చేతికి కప్పు రావాలని పంతం పట్టాడు.

ఆవిడ పక్కకి జరిగింది. దెబ్బలాడే మనిషి కాదు. కోపం రావలసింది ఆవిడకి, రాలేదు. చూసేవాళ్ళకే వచ్చేది, కానీ చూసేవాళ్ళెవరూ లేరు. బట్టల మిషను మెడలో కూడా సున్నా పడింది.

గీజరు ఒక్కటే మిగిలింది. ఆయన దాని మీదా అనుమానపడ్డాడు, అబద్ధమాడకూడదు. స్టూలేసుకుని ఎక్కి, ప్లగ్గు పీకి, మీటరులో పెట్టబోయాడు. పట్టలేదు. గీజరు ప్లగ్గు పుల్లలు లావు, మీటరు బెజ్జాలు సన్నం. తిప్పి చూశాడు, వంచి చూశాడు, ఊపిరి బిగబట్టి నెట్టి చూశాడు. కిందికి దిగి చెమట తుడుచుకుంటూ ఆలోచించాడు. కొలవడానికి వీల్లేనిదాన్ని కొలవలేదని రాసుకోవడం ఇన్‌స్పెక్టరు ధర్మం. కొలవనిదాని మీద కేసు పెట్టడం అధర్మం. అలా గీజరు నిర్దోషిగా విడుదలైంది.

పొద్దున్నే ఆ గీజరు నీళ్ళ కింద నిలబడి, అద్దం మసకబారేదాకా, బయటి గోడ చెమర్చేదాకా స్నానం చేసేది ఆయనే అన్న సంగతికీ ఈ తీర్పుకీ సంబంధం ఉందని అనడానికి ఆధారాల్లేవు. ఆవిడ ఎటూ చన్నీళ్ళే పోసుకుంటుంది. అలవాటని చెబుతుంది. గీజరు స్విచ్చి స్నానాలగది బయట ఎత్తులో ఉంటుంది. దాన్ని ఎవరు వేస్తున్నారో, ఎవరు తీస్తున్నారో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. పేపరు చదవడం అయ్యేసరికి నీళ్ళు కాగి ఉంటాయి, అంతే.

ఇంట్లో పని మాత్రం ఎక్కడికీ పోలేదు. మిక్సీలోంచి చిన్న రాతి రోట్లోకి దిగింది, మిషనులోంచి బకెట్లోకి దిగింది. ఆవిడ దుప్పటి ఒక కొస కుళాయికి చుట్టి, రెండో కొస ఎడం చేత్తో పట్టుకుని మెలితిప్పడం నేర్చుకుంది. చొక్కాలు కాస్త తడి ఉండగానే మడతపెట్టి పరుపు కింద పరిచేది, ఆయన బరువుకి మడతలు పోయేవి. ఇస్త్రీ పెట్టె లేకపోయినా తన చొక్కా నలగడం లేదని గమనించి ఆయన, "చూశావా, ఇస్త్రీ అనేది ఉత్త భ్రమ," అన్నాడు. సాయంత్రం ఆవిడ భుజానికి నూనె రాసుకునేటప్పుడు కిటికీ దగ్గర కూర్చునేది. దీపం వేస్తే ఆయన లేచి వచ్చి చూస్తాడు.

మొదటి నెల బిల్లు దిగింది. రెండో నెల ఇంకా దిగింది. అంకె దిగిన కొద్దీ ఆయన తల పైకి లేచింది. మెట్ల దగ్గర ఎవరు దొరికినా ఆపి చెప్పేవాడు. ఎదురింటివాళ్ళు కాఫీకి పిలిస్తే మీటరు జేబులో వేసుకుని వెళ్ళి, కాఫీ రాకముందే వాళ్ళ టీవీ వెనక దూరాడు. ఆ తర్వాత వాళ్ళు పిలవలేదు. మూడో అంతస్తు పిల్లలు ఆయన అడుగుల చప్పుడు వినగానే ఫ్యాను కట్టేసి చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళు. జనం తనని గౌరవిస్తున్నారని ఆయన పొంగిపోయాడు.

మూడో నెల మొదట్లో ఆవిడ చెల్లెలికి మోకాలి ఆపరేషను. సాయానికి మనిషి కావాలి, ఆవిడ వెళ్ళాలి. ఎడం చేతిలో సంచీతో ఆవిడ గుమ్మంలో నిలబడితే ఆయన మొహం వెలిగిపోయింది.

"నువ్వు బెంగ పెట్టుకోకు. వెళ్ళిరా. ఇద్దరి వాడకం ఒక్కడిదవుతుంది. రీడింగు ఇంకా దిగుతుంది."

"దిగుతుందంటారా?"

"సగానికి సగం! ఇందులో సందేహమేముంది?"

"అయితే దిగనివ్వండి," అంది ఆవిడ. మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి తిరిగి స్నానాలగది వైపు చూసి, ఏదో చెప్పబోయి, చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఆయనకి గ్యాస్ పొయ్యి అంటే భయం. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు, బజారుని గడగడలాడించిన మనిషి కదా. అగ్గిపుల్ల గీసి ముందుకి వంగేసరికి ఆయన చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేస్తుంది. అందుకని అటక మీద మూలపడి ఉన్న సామాను దింపుకున్నాడు. అన్నం కరెంటు కుక్కర్లో, టీ నీళ్ళు కరెంటు కెటిల్లో, మిగతాది కూతురు ఎప్పుడో కొనిపెట్టిన ఓవెన్లో. ఇవన్నీ అవసరాలు, దుబారా కాదు అని తనకి తానే తీర్పు చెప్పుకున్నాడు.

చొక్కాలు అయిపోయాయి. మనిషన్నాక ఉతుక్కోలేడా అని బకెట్లో నానేసి కూర్చున్నాడు. రెండు దిండు గలీబులు బాగానే వచ్చాయి. దుప్పటి దగ్గరికి వచ్చేసరికి అది నీళ్ళు తాగి దున్నపోతంత బరువైంది. పిండబోతే నీళ్ళన్నీ ఆయన ఒళ్ళోకి వచ్చాయి. నడుం పట్టేసి స్నానాలగది నేల మీదే కూలబడ్డాడు. దీన్ని ఆవిడ ఒక భుజంతో ఎలా పిండుతోంది అన్న ప్రశ్న ఆయన తలలోకి రాబోయింది. వచ్చేలోపలే ఆయన లేచి పటకారు కోసం వెళ్ళాడు.

సీలు తెంచడం ఆయన ఉద్యోగ జీవితంలో మహాపాపం. సీలు తెంచిన కొట్టువాళ్ళని కోర్టు మెట్లెక్కించాడు. ఒక ముసలి నూనె వ్యాపారి కాళ్ళు పట్టుకున్నా వినలేదు. ఇప్పుడు బట్టల మిషను ముందు నిలబడి చాలాసేపు ధర్మసూక్ష్మాలు ఆలోచించి, సీలు వేసిన అధికారికి తీసే అధికారం కూడా ఉంటుందని తేల్చుకున్నాడు. తీగ తెగింది. మిషను తిరిగింది. తర్వాత చొక్కాలు నలిగాయని ఇస్త్రీ పెట్టెది తెగింది. పళ్ళరసం తాగాలనిపించి మిక్సీది తెగింది. సీసపు సున్నాలు వంటింటి నేల మీద దొర్లుతూ కాళ్ళకి గుచ్చుకుంటుంటే ఏరి ఒక గిన్నెలో వేశాడు.

కొన్నాళ్ళకి ఆయన కింద మీటర్ల గదిలోకి వెళ్ళి తన ఇంటి పెద్ద మీటరు చూశాడు. చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. దిగవలసింది ఎక్కింది. ఎక్కడమంటే అలా ఇలా కాదు, ఇద్దరున్నప్పటి అంకెని ఒక్కడే సగం నెలకే దాటేశాడు.

ఆయనకి తట్టింది ఒకటే, దొంగతనం. ఎవరో తన లైను లాగుతున్నారు. కప్పు మీద కన్నేసినవాళ్ళే అయ్యుంటారు. వెంటనే ఒక అట్టపెట్టె తెచ్చి తన మీటరు చుట్టూ తొడిగి, నాలుగు వైపులా తీగ చుట్టి, బిళ్ళ పెట్టి నొక్కాడు. ఇక ఎవడు ముట్టుకుంటాడో చూస్తానని పైకి వెళ్ళి చక్కగా వేణ్ణీళ్ళు పోసుకున్నాడు.

కానీ నిద్ర పట్టలేదు. దొంగని పట్టాలంటే ముందు సున్నా చూడాలి. అది ఆయన శాస్త్రం. మర్నాడు పొద్దున్నే ఇంట్లో మెయిను కట్టేసి, కిందికి వెళ్ళి, తన సీలు తనే తీసి, అట్ట ఎత్తి చూశాడు. మీటరు మీద ఎప్పుడూ మిణుకుమనే చిన్న దీపం ఆరిపోయి ఉంది. సున్నా. బయటివాడెవడూ లాగడం లేదు. దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

మెయిను వేసి, సామాన్లన్నీ ఒక్కొక్కటే పీకుతూ, మెట్లు ఎక్కుతూ దిగుతూ, ఆయాసపడుతూ చూశాడు. టీవీ లేదు, ఫ్రిజ్ లేదు, మిషను లేదు. అయినా మీటరు దీపం పూనకం వచ్చినట్టు కొట్టుకుంటోంది. మళ్ళీ పైకి వచ్చి గదిగదీ తిరిగాడు. స్నానాలగది బయట, ఎత్తులో, స్విచ్చి పక్కన ఒక ఎర్ర చుక్క వెలుగుతోంది. గీజరు.

తను ఎప్పుడు వేశాడు? ఆవిడ వెళ్ళిన మర్నాడు వేశాడు. తీశాడా? ఎందుకు తీస్తాడు, తను స్నానానికి వెళ్ళగానే గీజరు దానంతట అదే ఆరిపోతుంది కదా. అది ఆయన గట్టి నమ్మకం. ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ అది దానంతట అదే ఆరుతూనే ఉంది, దానంతట అదే వెలుగుతూనే ఉంది. పేపరు మొదటి పేజీలో ఉండగా వెలిగేది, ఆయన లోపలికి వెళ్ళి గడియ పెట్టుకోగానే ఆరేది. అన్నాళ్ళూ లోపల్నుంచి ఆయన విన్న టక్కుమన్న చప్పుడు ఆవిడ వేలిది. కుడి చేతిని భుజం కంటే పైకి ఎత్తితే నొప్పి అని డాక్టరు దగ్గర చెప్పిన ఆవిడది.

ఆయన స్విచ్చి తీసి, కిందికి వెళ్ళి చూశాడు. మీటరు దీపం తాపీగా కన్నార్పుతోంది. అక్కడే ఇనప నిచ్చెన మీద కూర్చున్నాడు. కాటా మీద సరుకుని డబ్బాతో తూచి, ఆ తర్వాత ఉత్త డబ్బా తూచి, తేడా చూస్తే సరుకు బరువు తెలుస్తుంది. ఉద్యోగంలో ఆయన కుర్రాళ్ళకి నేర్పిన మొదటి పాఠం అదే. ఆవిడ ఉన్న ఇల్లు ఒక తూకం, లేని ఇల్లు ఒక తూకం. తేడా ఆయన కళ్ళ ముందు అంకెల్లో ఉంది. ఆ రెండు నెలల పొదుపు తన సీళ్ళది కాదు, ఆవిడ చేతిది. ఆయనకి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, చెవులు వేడెక్కే సిగ్గు. ఆవిడకి ఫోను చేసి చెప్పేద్దామని నంబరు నొక్కాడు కూడా.

"చెల్లెలు ఎలా ఉంది?" అన్నాడు, ఆవిడ హలో అనగానే.

"లేచి నడుస్తోందండీ. మీరెలా ఉన్నారు?"

"నాకేం, దివ్యంగా ఉన్నాను."

ఫోను పెట్టేశాడు. అట్టపెట్టె మళ్ళీ తొడిగి అలవాటుగా సీలు వేసి పైకి వచ్చేశాడు. బహుశా ఆ అంకెని తనే మళ్ళీ చూడకుండా ఉండడానికేమో.

మీటరు రీడింగు తీసే మనిషి నెలాఖరున వచ్చాడు. ఒక మీటరుకి పెట్టె, తీగ, సీసపు ముద్ర కనబడ్డాయి. పైవాళ్ళెవరో విచారణ కోసం వేశారు కాబోలు, మనకెందుకొచ్చిన గొడవ అనుకుని, ముట్టుకోకుండా పాత రెండు నెలల సగటు కొట్టి బిల్లు తలుపు సందులో దూర్చి వెళ్ళిపోయాడు. బిల్లు చూసి సున్నా మావయ్య మొదట తెల్లబోయాడు. అంకె కిందటి నెల పక్కన చక్కగా ఒద్దికగా కూర్చుంది. అది అబద్ధమని ప్రపంచంలో తెలిసినవాడు ఆయన ఒక్కడే. సెక్రటరీ దగ్గరికి వెళ్ళి చెప్పాలి. వెళ్ళాడు. సెక్రటరీ ఆయన్ని చూడగానే రెండు చేతులూ పట్టుకుని, "సార్, ఈసారి కప్పు మీదే! మీలాంటి నిజాయితీపరుడి చేతికి వెళుతుంటే నాకు ఒళ్ళు పులకరిస్తోంది," అన్నాడు.

నిజాయితీపరుడు అన్న మాట వినగానే ఆయన నోరు మూతపడింది. కుదరదని ఎలా అంటాడు, అంటే నిజాయితీపరుడు కాకుండా పోతాడు. అలా వచ్చిన గౌరవాన్ని కాదనలేక కాఫీ తాగి వచ్చేశాడు.

బహుమతి ప్రదానం రోజు మధ్యాహ్నమే ఆవిడ తిరిగి వచ్చింది. సంచీ దించి ఇల్లంతా ఒకసారి కలయజూసింది. బట్టల మిషను మెడ బోసిగా ఉంది. మిక్సీలో పళ్ళతొక్కలు ఎండి ఉన్నాయి. గిన్నెలో సీసం బిళ్ళలు.

"సీళ్ళు ఎవరు తీశారండీ?"

"నేనే. చొక్కాలు లేవు మరి."

"పోటీ అయ్యాక అన్నారుగా."

ఆయన సీలింగు ఫ్యాను వైపు చూశాడు. అది తిరుగుతోంది. ఆవిడ మంచినీళ్ళు తాగి, నడవలోకి వెళ్ళి, ఎత్తులో ఉన్న స్విచ్చి కేసి చూసింది. ఎర్ర చుక్క వెలుగుతోంది. అంత తెలిశాక కూడా ఆ పొద్దున ఆయన మళ్ళీ మర్చిపోయాడు. ఆవిడ ఎడం చేతిని పైకెత్తి టక్కుమని తీసింది.

సాయంత్రం కార్లు పెట్టుకునే చోట కుర్చీలు వేశారు. పొదుపు సభ కదా, ఘనంగా ఉండాలని పెళ్ళిపందిరికి పెట్టేలాంటి పెద్ద పెద్ద లైట్లు పెట్టించాడు సెక్రటరీ. లైట్ల వేడికి ఉక్కపోస్తుందని నాలుగు స్టాండు ఫ్యాన్లు. మైకు కీచుమంది. సున్నా మావయ్య నలగని చొక్కా వేసుకుని కప్పు అందుకున్నాడు. మాట్లాడమంటే మాట్లాడాడు.

"పొదుపంటే క్రమశిక్షణ. అంకె అబద్ధం చెప్పదు. మా ఇంట్లో ప్రతిదీ కొలిచాం. మా ఇంట్లో కొలవనిది అంటూ ఒక్కటీ లేదు."

చప్పట్లు మోగాయి. ఆవిడ కూడా కొట్టింది. కుడి చెయ్యి లేవదు కనుక ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఎడం చేత్తో నెమ్మదిగా కొట్టింది. సెక్రటరీకి ఉత్సాహం ఆగలేదు. మైకు తీసుకుని ఆవిడ దగ్గరికే వచ్చాడు.

"అత్తయ్యగారూ, ఈ చివరి నెల ఇంత తక్కువ కరెంటుతో ఇల్లు ఎలా నడిపారో మా ఆడవాళ్ళకి రెండు మాటలు చెప్పండి."

ఆవిడ లేచి నిలబడింది. ఆయన వైపు ఒకసారి చూసింది.

"నేను ఊళ్ళో లేనండీ," అని కూర్చుంది.

అందరూ పడీపడీ నవ్వారు. ఆయన నవ్వలేదు. కప్పు చేతిలో ఉన్నట్టుండి బరువెక్కింది. ఎంత బరువో అంచనా వేయడం ఆయనకి చేతకాలేదు.

మర్నాడు పొద్దున్నే పేపరు మడిచి, తువ్వాలు భుజాన వేసుకుని ఆయన స్నానాలగదికి వెళ్ళాడు. కుళాయి తిప్పాడు. నీళ్ళు చల్లగా వచ్చాయి. బయటికి వచ్చి తలెత్తి చూస్తే, గీజరు ప్లగ్గు గోడలోంచి ఊడి ఉంది. వైరు మడిచి, గొట్టానికి తీగతో చుట్టి, కొసన సీసం బిళ్ళ నొక్కి ఉంది. సున్నా కొంచెం వంకరగా పడింది, ఎడం చేత్తో నొక్కినట్టు.

ఆవిడ నడవలో బట్టల మిషనులోకి దుప్పట్లు వేస్తోంది.

"ఏమోయ్, ఏమిటిది?"

"సీలండీ."

"అది కనబడుతోంది. ఎప్పుడు తీస్తావు?"

"పోటీ అయ్యాక చూద్దాం."

"అయిపోయింది కదా! కప్పు కూడా తెచ్చాం."

"మీది అయిందండీ," అంది ఆవిడ మిషను మూత వేస్తూ. "నాది ఇవాళ మొదలు."

పటకారు మేకు మీదే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. ఆయన స్టూలెక్కి, అలవాటు కొద్దీ ఆ బిళ్ళని వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పి చూశాడు. తీగ బిగువుగా ఉంది, ముద్ర లోతుగా పడింది. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. సీలు వేసిన అధికారికే తీసే అధికారమని తీర్పు చెప్పింది ఆయనే. స్టూలు దిగి, లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. మొదటి చెంబుకి ఆయన వేసిన కేక మూడో అంతస్తు దాకా వినబడింది. నడవలో మిషను దుప్పట్లు తిప్పుతూ ఉంది. ఆవిడ దాని పక్కన కుర్చీ వేసుకుని, అటక మీంచి దింపిన రేడియో పెట్టుకుని, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏ పనీ చెయ్యకుండా కూర్చుంది.